వర్క్‌షాపు అయిపోయింది, ఇంట్లో ప్రెస్ లేదు: ప్రింట్‌మేకింగ్ ఎలా కొనసాగించాలి?

లంకతోట:

అందరికీ నమస్కారం అండి. మాది పి.గన్నవరం దగ్గర ఒక లంక. అమలాపురంలో ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. రెండేళ్ళు దాచుకున్న డబ్బుతో ఈ వేసవి సెలవుల్లో వేరే ఊళ్ళో, చెక్కిన పలకల నుంచి కాగితం మీద బొమ్మలు అచ్చు తియ్యడం నేర్పే అయిదు రోజుల ప్రింట్‌మేకింగ్ వర్క్‌షాపుకి వెళ్ళొచ్చాను. లైనోకట్ (లైనోలియం పలక చెక్కడం) ఒక రోజు, డ్రైపాయింట్ (రేకు మీద సూదితో గీయడం) ఒక రోజు, ఎచింగ్ (రేకు మీది గీతల్ని యాసిడ్‌తో తినిపించడం) రెండు రోజులు, చివరి రోజు విస్కాసిటీ (ఒకే ప్లేటు మీద రంగులు కలవకుండా వెయ్యడం). పన్నెండు మందిమి, ప్రెస్ ఒకటే. నా ఎచింగ్ ప్లేటుని యాసిడ్‌లో నేను ముంచలేదు, అక్కడి అసిస్టెంటే ముంచి తీశారు. ఎన్ని నిమిషాలు ఉంచారని అడిగితే "అది మేం చూసుకుంటాంలెండి" అన్నారు. సాయంత్రానికి చేతిలో రెండు ప్రింట్లు పెట్టారు, బాగున్నాయి కూడా. కానీ ఎందుకు బాగున్నాయో నాకు తెలియదు. అదే నా బాధ.

ఇంటికొచ్చాక, మిగిలిన లైనో ముక్క మీద మా రేవు, రేవులో పంటు చెక్కి, కింద "గోదారి" అని అక్షరాలు కూడా చెక్కాను. చెక్క గరిటె వెనక వైపుతో రుద్ది తీస్తే బొమ్మ మచ్చలు మచ్చలుగా వచ్చింది, అక్షరాలు తిరగబడ్డాయి. తిరగబడుతుందని వర్క్‌షాపులో చెప్పారు, నాకూ తెలుసు, కానీ నా చేతికి ఇంకా తెలియలేదు.

ప్రెస్ లేకుండా నిజంగా చెయ్యగలిగినవి ఏంటండి? యాసిడ్ ఇంట్లో పెట్టుకోలేను, నాలుగేళ్ళ పిల్లాడున్నాడు. ఇంకొకటి, వానలు మొదలయ్యాక తీసిన ప్రింట్లు పది రోజులైనా చేతికి అంటుకుంటున్నాయి. ఎవరైనా కాస్త చెప్పండి.

ట్రెడిల్ బాబాయ్:

అమ్మా, ముందు నీ ఇంకు సంగతి. నేను పాలకొల్లులో ముప్ఫై అయిదేళ్ళు ప్రెస్సు నడిపాను, ప్రతి శ్రావణమాసం పెళ్ళికార్డులు ఆరక తిప్పలు పడ్డవాణ్ణి. నూనె ఇంకు ఆరడమంటే ఉతికిన బట్ట ఆరినట్టు కాదు. అందులో ఉండే అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్ పట్టుకుని గట్టిపడాలి, గాలి చెమ్మగా, కదలకుండా ఉంటే ఆ పని నెమ్మదిస్తుంది. అందుకని ప్రింట్లు ఒకదాని మీద ఒకటి పేర్చకు, దండెం కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీసి ఫ్యాను వెయ్యి. అంతకంటే ముఖ్యం ఇంకు పల్చగా వెయ్యడం. గాజు పలక మీద రోలరు తిప్పుతుంటే పట్టుచీర నలిగినట్టు సన్నటి శబ్దం రావాలి, చప్ చప్ అంటుంటే ఎక్కువైనట్టే. ఆఫ్‌సెట్ ఇంకు వాడుతుంటే అరచెంచాడు ఇంకులో ఒక్క చుక్క డ్రయర్ కలుపు, రెండు చుక్కలు వేశావంటే రోలరు మీదే బిగిసిపోతుంది.

అక్షరాలకి బెంగ వద్దు. కంపోజింగ్‌కి వచ్చిన కుర్రాడికి మొదటి నెలంతా అదే చదువు. మేం స్టిక్కులో, అంటే చేత్తో పట్టుకునే చిన్న తట్టలో, టైపుని, అంటే సీసపు అక్షరాల్ని, తలకిందులుగా పేర్చేవాళ్ళం, అప్పుడు వరస ఎడమ నుంచి కుడికే నడుస్తుంది, చదవడం తేలిక. నువ్వు బటర్ పేపరు మీద మామూలుగా రాసి, ఆ కాగితాన్ని తిరగేసి లైనో మీద దించుకో. చెక్కేటప్పుడు అద్దం ఒకటి పక్కన నిలబెట్టుకో. "దా"కి దీర్ఘం ఎడమ పక్కకి పోతుంది, "గో" అయితే మొత్తం తోక అటు తిరుగుతుంది. వారం రోజులు రోజుకో పదం చెక్కితే ఇక చెయ్యే చూసుకుంటుంది.

మచ్చలు రావడానికి కారణం ప్యాకింగ్. బొమ్మ ఎక్కడ లేతగా వచ్చిందో చూసి, సరిగ్గా ఆ చోట బ్లాకు అడుగున పల్చటి కాగితం ముక్క చింపి అతికించు. కత్తెరతో కత్తిరించొద్దు, అంచు గీతలా పడుతుంది, చేత్తో చింపు. ఒక పొర చాలకపోతే రెండోది. ట్రెడిల్ మీద, అంటే కాలితో తొక్కే ప్రెస్సు మీద, ఒక్కో ఫారం (పేర్చిన పేజీ) సరిచెయ్యడానికి గంట పట్టేది మాకు, ముద్ర వెయ్యడానికి అయిదు నిమిషాలు.

ఇంకో మాట. మా షెడ్డులో గ్యాలీ ప్రూఫులు, అంటే తప్పులు దిద్దుకునే నమూనా అచ్చులు, తీసే ప్రెస్సు ఒకటుంది, బరువైన రోలరు చేత్తో నెట్టేది. లైనోకి, చెక్క బ్లాకులకి అది బ్రహ్మాండంగా పనికొస్తుంది. లైనో ముక్కని ప్లైవుడ్డు మీద అతికించి మొత్తం ఎత్తు టైపు ఎత్తుకి, అంటే 23.3 మిల్లీమీటర్లకి తెచ్చుకోవాలి అంతే. పాలకొల్లు రావడం నీకు దూరం కాదనుకుంటాను.

ఉలిపట్టు:

బాబాయ్ గారు చెప్పిన ప్యాకింగ్ నూటికి నూరుపాళ్ళు నిజం. నేను చెక్కడం గురించి చెప్తానండి. మా అమ్మగారి పుట్టిల్లు పెడన, మేనమామలు కలంకారీ అచ్చులు చెక్కేవాళ్ళు. టేకు దిమ్మ ముఖాన్ని నున్నగా చిత్రిక పట్టి, సుద్ద పూసి, దాని మీద బొమ్మ దించి, సన్న పనికి కమాను బర్మాతో బెజ్జాలు వేసి, ఆ తరవాతే ఉలి పట్టేవాళ్ళు. చిన్నప్పుడు నేను చూసి నేర్చుకున్న ఒక్క విషయం మీకు పనికొస్తుంది. గీతని నిటారుగా కొయ్యకూడదు. రెండు పక్కలా ఉలిని బయటికి వాల్చి కొయ్యాలి, అప్పుడు గీత పైన సన్నగా, మొదట్లో వెడల్పుగా, పొలం గట్టులా నిలబడుతుంది. నిటారుగా కోస్తే, లేదా లోపలికి తవ్వితే, నాలుగు ముద్రలకే గీత విరుగుతుంది. లైనోకీ ఇదే వర్తిస్తుంది.

లైనో గట్టిగా ఉంటే చెక్కేముందు కాసేపు ఎండలో పెట్టండి, వెన్నలా తెగుతుంది. వానాకాలం అయితే ఇస్త్రీపెట్టె సన్నటి వేడి మీద, మధ్యలో గుడ్డ వేసి. పని చెయ్యని చేతిని ఎప్పుడూ ఉలికి వెనక పెట్టండి, ముందు కాదు. వర్క్‌షాపుల్లో పదును పెట్టడం ఎందుకు నేర్పరో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మొండి ఉలికి బలం ఎక్కువ పెడతాం, జారితే వేలు తెగుతుంది. నూనె రాయి మీద పట్టి, చివర్లో పాత తోలు బెల్టు మీద పది సార్లు లాగండి. గంటకొకసారి.

లంకతోట:

బాబాయ్ గారూ, ఉలిపట్టు గారూ, చదువుతుంటే నాకు ఊపిరి ఆడినట్టు ఉందండి. కాగితం ముక్కలు చింపి అతికించి చూశాను, పంటు అంచు మొత్తం వచ్చింది, తాడు కూడా. పాలకొల్లు తప్పకుండా వస్తాను.

మరి డ్రైపాయింట్, ఎచింగ్ లాంటివి వదులుకోవాల్సిందేనా? నాకు ఎక్కువ నచ్చినవి అవే. ప్లేటు తుడిచాక ఒక పల్చటి పొగలాంటి రంగు మిగులుతుంది చూడండి, అది లైనోలో రాదు.

రాగిరేకు:

వదులుకోనక్కర్లేదు. నేను బరోడాలో చదువుకుని, ఇప్పుడు కాకినాడలో పిల్లలకి నేర్పుతున్నాను. మీ వర్క్‌షాపు మీద మీకున్న అసంతృప్తి నాకు బాగా అర్థమైంది, అయితే ఒక మాట చెప్పనివ్వండి. అయిదు రోజుల్లో నాలుగు పద్ధతులు ఎవరూ నేర్పలేరు, పరిచయం చెయ్యగలరు. ఆ పరిచయం కూడా విలువైనదే, ఇప్పుడు మీరు ఏది నచ్చిందో చెప్పగలుగుతున్నారు కదా. తప్పు ఎక్కడ జరిగిందంటే, ప్లేటుని మీ చేతిలోంచి తీసేసుకున్న దగ్గర. ప్రెస్ దగ్గర గడిపేది రెండు నిమిషాలు, ప్లేటు దగ్గర గడిపేది రెండు రోజులు. నేర్చుకోవడమంతా ప్లేటు దగ్గరే ఉంది.

కాబట్టి డ్రైపాయింట్‌తో మొదలుపెట్టండి. ఆఫ్‌సెట్ ప్రెస్సుల్లో వాడి పారేసిన అల్యూమినియం ప్లేట్లు కిలోల లెక్కన అమ్ముతారు, బాబాయ్ గారిని అడిగితే ఎక్కడ దొరుకుతాయో చెప్తారు. అరచెయ్యంత ముక్క కోసుకోండి. మూలలు గుండ్రంగా చేసి, అంచుల్ని ఆకురాయితో ఏటవాలుగా రుద్దండి, లేకపోతే కాగితాన్ని, ప్రెస్సులో దాని మీద పరిచే ఉన్ని ఫెల్టుని కోసేస్తాయి. గ్రామఫోన్ సూదో, గట్టి దబ్బనమో ఒక చెక్కపిడికి బిగించి గీయండి. సూది గీసినప్పుడు లోహం పోదు, నాగలి చాలుకి పక్కన మట్టి లేచినట్టు గీత పక్కన సన్నటి గరుకు అంచు లేస్తుంది. ఇంకుని పట్టుకునేది ఆ గరుకే. మీరు చెప్పిన మెత్తటి నలుపు అందులోంచే వస్తుంది. వేలితో తడిమి చూడండి, ఎటు వైపు లేచిందో తెలుస్తుంది. సూదిని వాల్చి పట్టుకుంటే ఒక పక్కే ఎక్కువ లేస్తుంది, నిటారుగా పట్టుకుంటే రెండు పక్కలా కొద్దికొద్దిగా. ప్రెస్సు కింద నలిగిన కొద్దీ ఆ గరుకు అణిగిపోతుంది, అల్యూమినియం మీద పది ముద్రలు మంచివి వస్తే అదృష్టం, రాగి మీద ఇంకొన్ని.

ఇక తుడవడం, అంటే ప్లేటంతా ఇంకు రాశాక గీతల్లో మాత్రం మిగిలేలా పైన తీసెయ్యడం. పుస్తకాలు ఈ పనిని ఒక్క వాక్యంలో దాటేస్తాయి, నాకైతే దీనికి ఏడాది పట్టింది. గంజి పెట్టిన మల్లుగుడ్డని గుప్పెట్లో పట్టే ఉండలా చుట్టి, ముఖం చదునుగా ఉంచి, ప్లేటు మీద గుండ్రంగా, నొక్కకుండా తిప్పండి. నొక్కితే గీతలోని ఇంకు కూడా గుడ్డకొస్తుంది. గుడ్డ నల్లబడిన వైపు మారుస్తూ పోండి. తరవాత పాత టెలిఫోన్ డైరెక్టరీ కాగితం అరచేతి కింద పెట్టి చదునుగా లాగండి. చివరికి ఉత్త అరచెయ్యి, బొటనవేలి మొదలు దగ్గర మెత్తగా ఉంటుంది చూడండి, ఆ భాగంతో, దుమ్ము దులిపినంత తేలిగ్గా. ప్లేటుని కిటికీకి ఎదురుగా వాల్చి చూస్తే ఎక్కడ ఎంత పొర మిగిలిందో కనబడుతుంది. అమావాస్య రాత్రి గోదారి కావాలంటే పొర వదిలెయ్యండి, మధ్యాహ్నపు ఇసుక తిన్నె కావాలంటే ఆ చోట మాత్రం గుడ్డ చుట్టిన పుల్లతో శుభ్రంగా తుడవండి. ఒకే ప్లేటు మీద రెండు వేళలు.

కాగితం తడిపే తీరు కూడా వర్క్‌షాపులో చూసే ఉంటారు. నూలు గుజ్జుతో చేసిన మందపు కాగితాన్ని ముందు రోజు సాయంత్రం తడిపి, తడి అట్టల మధ్య పెట్టి పాలిథీన్‌లో చుట్టండి. కాగితం మీద నీరు మెరవకూడదు, బుగ్గకి ఆనిస్తే చల్లగా తగలాలి. మన చెమ్మలో రెండో రాత్రి ఉంచితే బూజు చుక్కలు పడతాయి, తడిపింది మర్నాడే వాడెయ్యండి.

నరసాపురం లేసు:

నాకు ప్రెస్సు లేదు, చదువూ ఈ లైన్లో కాదు. కానీ లంకతోట గారికి నా అనుభవం చెప్పాలనిపించింది. నేను చేసేది కొల్లాగ్రాఫ్. మందపు అట్ట ముక్క మీద ఏది అతికిస్తే అది ప్లేటే. మా అత్తగారు యాభై ఏళ్ళుగా లేసు అల్లుతున్నారు. ఇక్కడ మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగుల మీద ఆడవాళ్ళందరి చేతుల్లో కొక్కేలు ఆడుతుంటాయి. ఏజెంటు తిప్పి పంపిన ముక్కలు, ఒక కుట్టు తప్పినవి, ఇంట్లో ఒక డబ్బా నిండా ఉన్నాయి. ఒకటి తీసి అట్ట మీద ఫెవికాల్‌తో అతికించి, పైన వడ్రంగులు వాడే లక్క పాలిష్ రెండు పొరలు పూసి, పూర్తిగా ఆరాక ఇంకు రాసి తుడిచాను. మా అబ్బాయి కాలేజీలో ఉన్న ప్రెస్సులో ఒకే ఒక్కసారి తియ్యనిచ్చారు. కాగితం ఎత్తితే ప్రతి దారం, ముడిలో ముడి, అన్నీ దిగాయి. తప్పిన ఆ కుట్టు దగ్గర చిన్న ఖాళీ. ఆ ప్రింటు అత్తగారికి చూపిస్తే వేలు సరిగ్గా ఆ ఖాళీ మీద పెట్టి "ఇది నేను కళ్ళాపరేషను ముందు అల్లింది" అన్నారు. అది ఏ ముక్కో ఆవిడకి గుర్తుంది.

అప్పట్నుంచి కొబ్బరి పీచు, అరటి దవ్వ పొర, జల్లించిన ఇసుక, అన్నీ అతికిస్తున్నాను. మందం రెండు మిల్లీమీటర్లు దాటకుండా చూసుకోండి, దాటితే తడి కాగితం చిరిగిపోతుంది. లక్క పాలిష్ అంచులకీ, వెనక్కీ కూడా పూయాలి, లేకపోతే తుడిచేటప్పుడు అట్ట నాని పొరలు లేస్తుంది. నాకు మొదటి రెండూ అలాగే పోయాయి.

చేపలచెరువు:

ఇదంతా చదివి ఉండబట్టలేక రాస్తున్నా. మాది భీమవరం పక్కన, చేపలు, రొయ్యలు సాగు. ప్రెస్సు అవసరమే లేని ముద్ర ఒకటుంది, జపానులో జాలర్లు పట్టిన చేప కొలత గుర్తుండటానికి తీసేవాళ్ళు, గ్యొటాకు అంటారు. పెద్ద పొలుసుంది కాబట్టి నేను బొచ్చెతో చేశాను, రెండు కిలోల చేప. ఉప్పు రాసి జిగురంతా పోయేదాకా కడిగి, గుడ్డతో అద్ది, రెక్కలు విప్పి కింద థర్మాకోల్ ముక్కలు పెట్టి గుండుసూదులతో నిలబెట్టాలి. నీళ్ళ రంగు ఇంకు తల నుంచి తోక వైపు ఒకసారి, తోక నుంచి తల వైపు ఒకసారి పల్చగా రాసి, మెత్తటి పల్చటి కాగితం కప్పి వేళ్ళతో అద్దుకుంటూ పోవాలి. కాగితం జరగకూడదు. కన్ను ముద్ర పడదు, తరవాత కుంచెతో వేసుకోవాలి. వీపు పొలుసులు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. ఇరవై ఏళ్ళుగా చేపలు పెంచుతున్నా, పక్క గీత దగ్గర పొలుసుల్లో సన్నటి బెజ్జాలుంటాయని ఆ కాగితం మీదే మొదటిసారి సరిగ్గా చూశాను.

రాగిరేకు:

చేపలచెరువు గారూ, ఫోటో పెట్టండి దయచేసి.

లంకతోట గారు యాసిడ్ వద్దన్నారు, అది సరైన నిర్ణయం. నైట్రిక్ యాసిడ్ పొగ ఊపిరితిత్తులకి మంచిది కాదు, ఇంట్లో అసలు వద్దు. అల్యూమినియానికి, జింకుకి ఇప్పుడు చాలా స్టూడియోలు మైలుతుత్తం, ఉప్పు కలిపిన నీళ్ళు వాడుతున్నాయి. కొబ్బరికి మొవ్వు కుళ్ళు వస్తే బోర్డో మిశ్రమంలో కలుపుతారే, ఆ మైలుతుత్తమే. నేను లీటరు నీళ్ళకి 70 గ్రాముల మైలుతుత్తం, 70 గ్రాముల కల్లుప్పు వేస్తాను. ప్లేటుకి బ్లాక్ జపాన్ అనే నల్లటి వార్నిష్ పల్చగా పూసి, ఆరాక సూదితో గీసి, ఇందులో పెడితే గీసిన చోట బుడగలు వస్తాయి, ఎర్రటి రాగి పొడి తేలుతుంది. ఆ పొడిని పక్షి ఈకతో తోసెయ్యాలి. వచ్చే బుడగలు హైడ్రోజన్, దగ్గర్లో మంట ఉండకూడదు, తలుపులు తెరిచి ఉంచాలి, చేతికి తొడుగులు, కళ్ళకి అద్దాలు తప్పనిసరి, పిల్లాడు నిద్రపోయాక కాదు, ఇంట్లో లేనప్పుడు.

మొదటి ప్లేటు బొమ్మ కోసం వాడకండి. ఒకే రకం గీతలు అయిదు వరసలు గీసి, రెండు నిమిషాలకి మొదటి వరస మీద జపాన్ పూసి మూసెయ్యండి, నాలుగు నిమిషాలకి రెండోది, ఎనిమిదికి మూడోది, పదహారుకి నాలుగోది. అయిదోది అరగంట. ముద్ర తీసి ఆ కాగితాన్ని గోడకి అంటించుకోండి. మీరు అడిగిన "ఎన్ని నిమిషాలు" అనే ప్రశ్నకి జవాబు అదే, మీ నీళ్ళకి, మీ ప్లేటుకి, మీ ఊరి వేడికి.

చేపలచెరువు:

ఫోటో రేపు పెడతానండి. కానీ మైలుతుత్తం గురించి గట్టిగా ఒక మాట చెప్పాలి. వాడేసిన నీళ్ళు కాలవలోకి, బోదెలోకి, పెరట్లోకి ఎక్కడికీ పోయొద్దు. నీళ్ళలో కరిగిన రాగి చేపల మొప్పల్ని దెబ్బతీస్తుంది, రొయ్య ఇంకా సున్నితం. మేం కూడా చెరువులో నాచుకి కొందరం మైలుతుత్తం వాడతాం, మోతాదు కొంచెం తప్పితే ఏమవుతుందో కళ్ళారా చూశాను. డెల్టాలో ఒకడి ఇంటి నీళ్ళు ఇంకొకడి చెరువులోకే వెళ్తాయి.

రాగిరేకు:

మీరు చెప్పింది అక్షరాలా నిజం, నేనే ముందు రాయాల్సింది. పద్ధతి ఇది. నీలం రంగు పోయేదాకా పనికిరాని అల్యూమినియం ముక్కలు అందులో వేసి ఉంచితే రాగి చాలామటుకు ఎర్ర పొడిగా దిగిపోతుంది. తరవాత చాకలి సోడా కొద్దికొద్దిగా వేస్తూ పోవాలి, పొంగుతుంది కాబట్టి పెద్ద ప్లాస్టిక్ బకెట్లో. పొంగడం ఆగి అడుగున బురద పేరుకున్నాక గుడ్డలో వడగట్టి, ఆ బురదని ఎండబెట్టి మూత డబ్బాలో దాచండి. నేను ఏడాదికోసారి మా కాలేజీ కెమిస్ట్రీ ల్యాబు వ్యర్థాలతో కలిపి పంపిస్తాను. లంకతోట గారు కూడా డబ్బా నాకు ఇవ్వొచ్చు.

లేత్‌పని:

రావులపాలెంలో లేత్ షాపు అండి. బొమ్మల సంగతి నాకు తెలియదు గానీ ఎచింగ్ ప్రెస్సు ఫోటో చూశాక ఒక్కటే అనిపించింది, ఇది చెరుకు రసం బండి. రెండు రోలర్లు, పళ్ళ చక్రాలు, చక్రం పట్టుకుని తిప్పడం. రిపేరుకి వచ్చి మిగిలిపోయిన బండి ఒకటి నా దగ్గరుంది. అయితే దాని రోలర్లకి చెరుకు పట్టుకోవడానికి గాడులుంటాయి, అవి అలాగే ఉంటే కాగితం మీద దిగుతాయి, వెడల్పూ చాలదు. ఫ్రేము, చక్రాలు ఉంచేసి రోలర్లు కొత్తవి చేస్తే? 18 అంగుళాల వెడల్పు, మందపు పైపు తీసుకుని లేత్ మీద నున్నగా తిప్పుతాను. ఎంత ఖచ్చితం కావాలో ఎవరైనా చెప్పండి.

రాగిరేకు:

దేవుడిలా వచ్చారండి. కింది రోలరు తిరగాలి, పైది ఒత్తాలి, మధ్యలో 10 లేక 12 మిల్లీమీటర్ల ఇనప పలక ఆ చివర నుంచి ఈ చివరకి వెళ్ళాలి. పై రోలరుకి రెండు పక్కలా మరలు, రెండూ సమానంగా దిగాలి, మర ఎన్ని చుట్లు తిరిగిందో తెలిసేలా గుర్తులు పెట్టండి. రోలరు మధ్యలో వంగకూడదు, కాగితం మందంలో సగం తేడా ఉన్నా ముద్రలో కనబడుతుంది. పలక రోలర్ల మధ్య నుంచి జారి కింద పడకుండా రెండు చివరలా అడ్డు తప్పనిసరి. పైన ఉన్ని ఫెల్టు రెండు పొరలు. ఫెల్టు లేకపోతే తడి కాగితం గీతల్లోకి దిగదు.

లంకతోట:

లేత్‌పని గారూ, ఖర్చు ఎంతవుతుందో చెప్తే అందరం వేసుకుందామండి, నేను నెలనెలా ఇస్తాను.

ఈలోపు ఒక సందేహం. ఆఖరి రోజు విస్కాసిటీలో ఒకే ప్లేటు మీద మూడు రంగులు వేశారు, అవి కలవలేదు. ఎందుకు కలవలేదో అడిగే టైము లేకపోయింది.

రాగిరేకు:

ఈ ప్రశ్న తెలుగువాళ్ళు అడగాల్సిందే, ఎందుకంటే ఆ పద్ధతిని పారిస్‌లో ఏటెలియర్ 17 అనే ప్రింట్ స్టూడియోలో, దాన్ని నడిపిన హేటర్‌తో కలిసి రూపుదిద్దినవాళ్ళలో ముఖ్యుడు మన చిత్తూరు జిల్లాలో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి గారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి, లండన్‌లో శిల్పం నేర్చుకుని పారిస్ వెళ్ళారు. చివరికి న్యూయార్క్‌లో స్థిరపడి 2018లో పోయారు. ఆయన శిల్పి కాబట్టి ప్లేటుని రేకులా చూడలేదు, లోతులు లోతులుగా చెక్కారు. కిటుకంతా నూనెలో ఉంది. మొదటి ఇంకులో అవిసె నూనె ఎక్కువ కలిపి జారుగా చేసి గట్టి రోలరుతో వేస్తే ప్లేటు పై మట్టాలకే అంటుతుంది. తరవాత నూనె తక్కువున్న చిక్కటి ఇంకుని మెత్తటి రోలరుతో వేస్తే అది లోపలి పల్లాల్లోకి దిగుతుంది, పైనున్న జారు ఇంకు మాత్రం దాన్ని అంటనివ్వదు. గీతల్లో ముందే నింపిన రంగు మూడోది. ఒకే ప్లేటు, ఒకే ముద్ర. 1963లో ఆయన చేసిన సుడిగుండం ప్రింటు ఎక్కడైనా దొరికితే చూడండి. ధవళేశ్వరం బ్యారేజీ గేట్లు ఎత్తినప్పుడు దిగువన నీళ్ళు తిరిగే తీరు తెలిసిన వాళ్ళకి అది ఇంకోలా కనిపిస్తుంది.

కృష్ణారెడ్డి గారు పుట్టిన 1925లోనే రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు గారు ఇరవై ఏడేళ్ళకి మశూచితో పోయారు. రాజమండ్రి వెళ్ళినప్పుడు ఆయన చిత్రశాలలో ఒక పూట కూర్చుని ఆ గీతలు నకలు చెయ్యండి, సూది పట్టుకునే చేతికి అంతకంటే మంచి సాధన లేదు.

లంకతోట:

రెండు నెలల తరవాత రాస్తున్నాను, క్షమించండి. ఆగస్టులో వరదొచ్చి లంకలోకి నీళ్ళెక్కాయి, పడవ మీద మా పుట్టింటికి వెళ్ళిపోయాం. కాగితాలన్నీ అటక మీద పెట్టాను, తడవలేదు. లైనో ముక్కలు కింద గూట్లో ఉండిపోయి మూడు రోజులు నానాయి, వెనక గోనెపొర ఊడింది, ముఖం మాత్రం బాగానే ఉంది.

తిరిగొచ్చాక గోడ మీద నీటి చార మిగిలింది, నా మోకాలి పైకి. దాన్నే ప్లేటు చేశాను. ముందు రాగిరేకు గారు చెప్పిన పరీక్ష ప్లేటు, అయిదు వరసలు. రెండు నిమిషాల గీత వెంట్రుకలా ఉంది, పదహారుది తాడులా ఉంది, అరగంటది అంచులు తెగి పక్క గీతలో కలిసిపోయింది. అది చూసి చాలాసేపు కూర్చున్నాను. వర్క్‌షాపులో తీసిన నా ప్రింటులో ఒక మూల గీతలు కలిసిపోయి ఉన్నాయి, ఆ మూలని నేను ఇన్నాళ్ళూ నా డ్రాయింగు తప్పనుకున్నాను. ఎక్కువ సేపు ఉంచేశారు, అంతే.

తరవాత గోడ ప్లేటు. చారకి పైన గోడ రెండు నిమిషాలు, చారకి కింద బురద పదహారు నిమిషాలు, చార మాత్రం గియ్యలేదు, జపాన్‌తో మూసి వదిలేశాను. వాడిన నీళ్ళు చేపలచెరువు గారు చెప్పినట్టు ఒక్క చుక్క బయటికి పోనివ్వలేదు, బురద డబ్బా అటక మీదుంది. ముద్ర ఇంకా తియ్యలేదు.

లేత్‌పని:

ప్రెస్సు అయిపోయిందండి. నిన్న ఉత్త కాగితం పెట్టి తిప్పి చూశాం, కుడి మర పావు చుట్టు ఎక్కువ దిగుతోంది, సరిచేశాను. చాలా బరువు, నా షాపులో చోటు లేదు. బాబాయ్ గారు షెడ్డు ఇస్తామన్నారు, శనివారం ట్రాలీ ఆటోలో పాలకొల్లు పంపిస్తున్నా. ఫెల్టు ఎవరు తెస్తున్నారు?

నరసాపురం లేసు:

ఫెల్టు నేను తెస్తాను, పాత ఉన్ని దుప్పటి ఒకటి కూడా. అత్తగారు కూడా వస్తానంటున్నారు, లేసు ముక్కలు ఆవిడే ఎంచిపెట్టారు.

ట్రెడిల్ బాబాయ్:

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికల్లా వచ్చెయ్యండి. షెడ్డు కడిగించాను, ప్రూఫ్ ప్రెస్సుకి తుప్పు వదిలించి నూనె పెట్టాను, రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఇంకు చేతులు కడుక్కోవడానికి కిరసనాయిలు వద్దు, వంటనూనె, రంపపు పొట్టు, సబ్బు పెట్టాను. పెళ్ళికార్డుల మిగులు అట్ట ఒక కట్ట ఉంది, ప్రూఫులకి వాడుకోండి. మంచి కాగితం ఎవరిది వాళ్ళు శనివారం సాయంత్రమే తడిపి చుట్టి తెచ్చుకోవాలి. లంకతోట అమ్మా, మొదటి ముద్ర నీ గోడదే, చక్రం నువ్వే తిప్పాలి.

లంకతోట:

కాగితం తడిపాను బాబాయ్ గారూ. నాలుగు షీట్లు. మొదటి పడవకి బయల్దేరతాను.